కల్హాత్ దొరసాని

బుధవారం పొద్దున డ్యూటీ లేకపోతే నేను ఆడవాళ్ళ సంతకు వెళ్తాను. ఇబ్రా గురించి తెలియనివాళ్ళకు ముందు ఈ సంత గురించి చెప్పాలి. మస్కట్ నుంచి కారులో రెండు గంటలు లోపలికి వస్తే, బోడికొండల మధ్య ఖర్జూరపు తోటల్లో ఉంటుంది మా ఊరు. (మా ఊరు అనేశాను చూశారా! పద్దెనిమిదేళ్ళయింది మరి.) ఇక్కడ బుధవారం సంతలో అమ్మేవాళ్ళూ ఆడవాళ్ళే, కొనేవాళ్ళూ ఆడవాళ్ళే. మగవాళ్ళకు ప్రవేశం లేదు. నేను తిరిగొచ్చేదాకా మావారు బయట కారులో కూర్చుని ఫోన్లో తెలుగు వార్తలు చదువుకుంటుంటారు.

నేను సాంబ్రాణి, అత్తరు కొనేది ఎప్పుడూ ఒకే పెద్దావిడ దగ్గర. ఇన్నేళ్ళుగా ఆవిణ్ణి అందరూ పిలిచినట్టే నేనూ పెద్దకొడుకు పేరు ముందు ‘ఉమ్’ చేర్చి పిలుస్తున్నాను. ఉమ్ అంటే తల్లి. ఫలానావాడి తల్లి. మన ఊళ్ళలో మాత్రం తక్కువా? ‘కరణంగారి కోడలు’, ‘మేష్టారి భార్య’, ‘పెదబాబు వాళ్ళమ్మ’. మా వీధిలో సగం మంది ఆడవాళ్ళ అసలు పేర్లు నాకు రేషను కార్డుల మీదే తెలిశాయి.

కానీ నేను నర్సుని. ఆసుపత్రిలో చీటీ చూసి పేరు పిలవడం నా పని. ఆ చీటీ మీద ‘ఉమ్’ ఉండదు. ఆమె పేరు, తర్వాత ‘బింత్’, తర్వాత తండ్రి పేరు. బింత్ అంటే కూతురు. పెళ్ళయి పదిమంది పిల్లల్ని కన్నా, మనవరాళ్ళకు పెళ్ళిళ్ళు చేసినా, ఒమానీ స్త్రీ కాగితం మీద పుట్టినప్పటి పేరుతోనే ఉంటుంది. పెళ్ళిపీటల మీద ఇంటిపేరు వదిలేసి వచ్చిన నాకు మొదట్లో ఇది వింతగా ఉండేది. తర్వాత కొంచెం అసూయగా ఉండేది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా అమ్మ పోయిన ఏడాది పోయింది. ఊళ్ళో బడిపిల్లలకు ఆమె జ్ఞాపకార్థం మంచినీళ్ళ ట్యాంకు కట్టించాలనుకున్నాం. తమ్ముడు శిలాఫలకానికి నమూనా రాయించి వాట్సాప్‌లో పంపాడు. మొదటి పంక్తిలో మా తాతగారి పేరు. రెండో పంక్తిలో నాన్న పేరు, ‘గారి ధర్మపత్ని జ్ఞాపకార్థం’ అని. మూడో పంక్తిలో తమ్ముడి పేరు. నాలుగో పంక్తిలో సర్పంచి పేరు. నాలుగు పంక్తులూ రెండుసార్లు చదివాను. అమ్మ పేరు లేదు.

ఫోను చేసి అడిగితే వాడు నొచ్చుకున్నాడు. “అక్కా, ఆమెను ఊళ్ళో ఎవరైనా పేరుతో పిలిచారా? నాన్న పేరు చెబితేనే తెలుస్తుంది. అమ్మ బతికుంటే తనే నాన్న పేరు వేయించేది కదా!” అన్నాడు. అందులో అబద్ధం లేదు. అందుకే నాకు జవాబు తోచలేదు.

ఆ బుధవారం సంతలో పెద్దావిడ నా మొహం చూసి సంగతేమిటని అడిగింది. నాకొచ్చిన ముక్కల అరబ్బీలో చెప్పాను. ఆమె సాంబ్రాణి తూస్తూ అంతా వింది. “కల్హాత్‌లో బీబీ మరియం ఉంది, చూశావా?” అంది. లేదన్నాను. “వెళ్ళి చూడు. అక్కడ ఎవరినైనా ఆమె మొగుడి పేరు అడుగు” అని నవ్వింది.

మరుసటి శుక్రవారం బయల్దేరాం. ఇబ్రా నుంచి బిదియా, అల్ కామిల్ మీదుగా సూర్‌కి దారి. బిదియా దాటేదాకా కుడిచేతివైపు ఎర్రటి ఇసుక తిన్నెలు తోడొస్తాయి. సూర్ దగ్గర సముద్రం కనిపిస్తుంది. అక్కణ్ణుంచి తీరం వెంట పాతిక కిలోమీటర్ల లోపే కల్హాత్. దారిలో సహజవాయువును ద్రవంగా మార్చి ఓడలకెక్కించే పెద్ద కర్మాగారం. అది దాటాక ఒక వైపు కొండ, ఒక వైపు సముద్రం, మధ్యలో రాళ్ళదిబ్బ. ఆ దిబ్బ మీద ఒక్కటే కట్టడం నిలబడి ఉంది. చదరంగా నాలుగు గోడలు. లోపలివైపు కమానులు, గూళ్ళు. పైన గుమ్మటం కూలిపోయి ఆకాశం కనిపిస్తుంది. జనం నోట అది బీబీ మరియం సమాధి. చుట్టూ ఉన్న రాళ్ళ కుప్పలన్నీ ఒకప్పుడు ఇళ్ళు, వీధులు, దుకాణాలు, నీళ్ళ తొట్లు. ప్రాకారాల మధ్య ముప్ఫయ్యయిదు హెక్టార్లకు పైగా పరుచుకున్న పట్నం అది.

ఈ పట్నం కథ కొంచెం చెప్పుకోవాలి. పదకొండో శతాబ్దం నుంచి పదిహేనో శతాబ్దం దాకా అరేబియా తూర్పు తీరంలో కల్హాత్ పెద్ద రేవు. గల్ఫ్ ముఖద్వారంలో ఉన్న హుర్ముజ్ రాజ్యానికి ఇది రెండో రాజధాని లాంటిది. 1290లో హుర్ముజ్ రాజవంశంలో అన్నదమ్ముల తగాదా వచ్చింది. తమ్ముడు మసూద్ అన్న నుస్రత్‌ను చంపి గద్దెనెక్కాడు. అప్పుడు కల్హాత్ పాలకుడుగా ఉన్నవాడు బహాఉద్దీన్ అయాజ్. చచ్చిపోయిన రాజు దగ్గర బానిసగా ఉండి పైకొచ్చిన తురుష్కుడు. ఆ కాలంలో బానిస అంటే కూలివాడనే అర్థం ఒక్కటే కాదు. కుర్రవాణ్ణి కొని, గుర్రపుస్వారీ, కత్తిసాము నేర్పి, నమ్మకస్తుడైతే సేనాపతిని చేసేవాళ్ళు. 1310లో ఓరుగల్లు కోట ముందు దిగి ప్రతాపరుద్రుడి చేత కప్పం కట్టించుకున్న మాలిక్ కాఫర్ కూడా అలా వచ్చినవాడే.

అయాజ్ కల్హాత్‌ను ఆసరా చేసుకుని మసూద్‌ను తరిమి, తానే హుర్ముజ్‌కు ఏలిక అయ్యాడు. 1300 ప్రాంతంలో తాతారు దండుల బెడద తట్టుకోలేక, నేల మీద ఉన్న రాజధానిని జనంతో సహా జరూన్ అనే దీవికి తరలించాడు. పోర్చుగీసువాళ్ళు తర్వాత మోజుపడిన హుర్ముజ్ దీవి అదే. అయాజ్ అక్కడ ఈ పనుల్లో ఉంటే, ఇక్కడ కల్హాత్‌ను నడిపింది అతని భార్య మరియం. 1311 ప్రాంతంలో భర్త పోయాక కూడా కొన్నేళ్ళ పాటు కల్హాత్ ఆమె చేతిలోనే ఉంది. యూరప్ భాషల్లో అయితే ఇలాంటి ఆమెను డచెస్ అనేవాళ్ళు. రాణి కాదు, రాజ్యంలో ఒక ముఖ్యమైన భాగానికి అధికారిణి. మన మాటల్లో దొరసాని.

దొరసాని ఏం ఏలిందో తెలియాలంటే ఆ రేవులో ఏముండేదో తెలియాలి. మార్కోపోలో తన పుస్తకంలో కల్హాత్‌కు ఒక అధ్యాయమిచ్చాడు. మంచి రేవు అనీ, ఇండియా నుంచి సరుకులతో ఓడలు లెక్కలేనన్ని వస్తాయనీ, ఇక్కడ తిండిగింజలు పండవు కనుక బయటి నుంచే తెచ్చుకుంటారనీ, ఇక్కణ్ణుంచి మేలుజాతి గుర్రాలు ఇండియాకు ఓడలెక్కుతాయనీ రాశాడు. హుర్ముజ్ రాజుకు తనకన్నా బలవంతుడితో తగువొస్తే ఈ కోటలోకే వచ్చి కూర్చుంటాడని కూడా చెప్పాడు. మన దక్షిణాది రాజులకు గుర్రాలంటే ప్రాణం. గుర్రం లేనిదే యుద్ధం లేదు, మన ఎండకూ మన దాణాకూ అరబ్బీ గుర్రాలు నిలిచేవి కావు. అందుకే ఏటా కొత్తవి కొంటూనే ఉండేవాళ్ళు. ఇబ్రా ఈనాటికీ గుర్రాలకు పేరున్న ఊరు. ఇక్కడి పందేల్లో గుర్రాలను చూసినప్పుడల్లా, వీటి ముత్తాతలు మన సీమలో ఏ నాయకుడి కింద దౌడు తీశాయో అనుకుంటాను.

మాది చినగంజాం పక్కన ఉప్పు మళ్ళ మధ్య ఊరు. మోటుపల్లి కూతవేటు దూరం. మార్కోపోలో పుస్తకంలో కల్హాత్ ఉంటే మోటుపల్లి కూడా ఉంది! ‘ముత్ఫిలి’ అని రాశాడు, రేవు పేరునే రాజ్యానికి పెట్టేశాడు. కాకతీయ గణపతిదేవుడు 1244లో అక్కడ వేయించిన అభయశాసనం వీరభద్రస్వామి గుడిలో స్తంభం మీద ఉంది. గాలివానకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు లాక్కునేవాళ్ళు, ఇక మీదట అలా జరగదు, న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోము అని దూరదేశపు వర్తకులకు ఇచ్చిన మాట అది. చిన్నప్పుడు ఆ గుడికి తిరునాళ్ళకు వెళ్ళాం కానీ ఆ స్తంభం మీద ఏముందో మాకెవరూ చెప్పలేదు. నీడకు ఆనుకుని కూర్చునేవాళ్ళం.

ఆ రాజ్యాన్ని ఒక రాణి ఏలుతోందని రాశాడు మార్కోపోలో. చాలా తెలివైనది, న్యాయం తప్పనిది, ప్రజలు ఆమెను ఎంతో ప్రేమించారు అని మెచ్చుకున్నాడు. అక్కడి సన్నబట్టలు సాలెగూడు నేతలా ఉంటాయన్నాడు. అంతా బాగానే ఉంది. ఒక్కచోట పొరపాటుపడ్డాడు. ఆమె రాజుగారి భార్య అనీ, భర్త మీది ప్రేమతో మళ్ళీ పెళ్ళి చేసుకోకుండా నలభయ్యేళ్ళు రాజ్యం చేసిందనీ రాశాడు. ఆమె పేరు మాత్రం రాయలేదు.

ఆమె రుద్రమదేవి. గణపతిదేవుడి భార్య కాదు, కూతురు. 1262 ప్రాంతం నుంచి ఇరవయ్యేడేళ్ళు ఏలింది. నిడదవోలు చాళుక్య వీరభద్రుడు ఆమె భర్త. ఒక ఆడది సింహాసనం మీద ఉందంటే అది మొగుడు వదిలి వెళ్ళిన సింహాసనమే అయ్యుంటుందని ఆ వెనిస్ వర్తకుడికి తోచింది కాబోలు. కూతురు విధవగా మారిపోయింది. అతను మన తీరం మీదుగా వెళ్ళేనాటికి ఆమె లేదు కూడా. 1289 నవంబరులో వేసిన చందుపట్ల శాసనం ఆమె శివలోకానికి వెళ్ళిందని చెబుతోంది. నల్గొండ జిల్లాలో ఆ రాయి బయటపడబట్టి ఆమె ఎప్పుడు పోయిందో మనకు తెలిసింది. ఒక రాయి చెప్పిన మాట, ఒక ప్రపంచ ప్రఖ్యాత పుస్తకం చెప్పిన మాటను దిద్దింది.

మరి మరియం పేరును ఎవరు నిలబెట్టారు? మొరాకో నుంచి బయల్దేరిన ఇబ్న్ బతూతా. 1330 ప్రాంతంలో, అంటే మరియం తరం వాళ్ళు ఇంకా బతికున్న రోజుల్లో, ఆయన కల్హాత్ వచ్చాడు. రావడమే పెద్ద కథ. సూర్‌లో ఓడ దిగి, దగ్గరే కదా అని నడక మొదలుపెట్టాడు. వెంట వచ్చిన దారిచూపేవాడు దొంగబుద్ధి చూపించాడు. దాహంతో, భయంతో, కాళ్ళు వాచి గోళ్ళ కింద నెత్తురు గడ్డకట్టి ఎలాగో ఊరు చేరాడు. మేం ఏసీ కారులో వచ్చిన దూరమే అది.

కోలుకున్నాక ఆయన రాసిన సంగతులు చదువుతుంటే నాకు మనవాళ్ళ ఇంట్లో కూర్చున్నట్టుంటుంది. ఇక్కడ తిన్నంత రుచి అయిన చేప ఎక్కడా తినలేదట. ఆకుల మీద కాల్చి, అన్నం మీద పెట్టుకుని తింటారట. ఆ బియ్యం ఇండియా నుంచి వచ్చేవట. పక్కనున్న తీవీ ఊళ్ళో అరటితోటలూ తమలపాకులూ ఉన్నాయట, ఆకు కాస్త చిన్నదట. ఇంకో తమాషా. ఈ ఊరివాళ్ళు ప్రతి మాటకూ చివర ‘లా’ అంటారట. తింటావు లా, నడుస్తావు లా. మనం ‘తింటావు కదూ’, ‘వస్తావు కదా’ అన్నట్టే ఉండేదేమో ఆయన చెవికి.

అంత సరదా మనిషి, కల్హాత్ మసీదు దగ్గర కొచ్చేసరికి గంభీరమయ్యాడు. చాలా అందమైన మసీదనీ, గోడలకు రంగుల కాశానీ పలకలు తాపించారనీ, ఎత్తు మీద నిలబడి సముద్రాన్నీ రేవునూ చూస్తుంటుందనీ రాశాడు. దాన్ని కట్టించింది పుణ్యాత్మురాలు బీబీ మరియం అన్నాడు. బీబీ అంటే వీళ్ళ వాడుకలో గొప్పింటి స్త్రీ అని అర్థం చెప్పాడు. మనకు ఆ అర్థం చెప్పక్కర్లేదు, బీబీ నాంచారమ్మ తెలిసినవాళ్ళం. నేను ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో! అందులో అయాజ్ పేరు లేదు. ఎవరి భార్యో లేదు. ఎవరి తల్లో లేదు. కట్టించింది ఫలానా అని ఒక్క మాట. సంతలో పెద్దావిడ నవ్వినదెందుకో నాకప్పుడు అర్థమైంది. హుర్ముజ్‌ను దీవికి మోసుకెళ్ళిన అయాజ్ పేరు చరిత్ర పుస్తకాల్లో వెతుక్కోవాలి. మరియం పేరు ఇక్కడి పశువుల కాపరికి కూడా తెలుసు.

మసీదు మాత్రం మిగల్లేదు. 1507లో పోర్చుగీసు కెప్టెన్ అల్బుకెర్క్ ఓడలతో వచ్చి మంచిమాటలతో సరుకులు తీసుకుని వెళ్ళాడు. 1508లో మళ్ళీ వచ్చి ఊరిని దోచి తగలబెట్టాడు, మసీదుతో సహా. విచిత్రమేమిటంటే, దాని అందాన్ని రాసిపెట్టింది కూడా ఆ కాల్చినవాళ్ళే. చాలా పెద్ద కట్టడమనీ, ఏడు వరసల మంటపమనీ, అంతా పలకలు తాపిందనీ, గోడల్లో పింగాణీ పొదిగారనీ, సముద్రంవైపు ఒక వసారా ఉండేదనీ అల్బుకెర్క్ యాత్రా వృత్తాంతంలో ఉంది. ఆ దెబ్బ తర్వాత కల్హాత్ మళ్ళీ కోలుకోలేదు. రేవు మస్కట్‌కు మారిపోయింది. ఐదువందల ఏళ్ళు మేకలు తిరిగాయి. 2008లో మొదలైన ఒమాన్, ఫ్రెంచి పురాతత్వవేత్తల తవ్వకాల్లో సముద్రం ఒడ్డున ఆ మసీదు పునాదులు, రంగు పలకల ముక్కలు బయటపడ్డాయి. 1300 నాటి కట్టడమని తేల్చారు. చైనా పింగాణీతోపాటు మన ఇండియా కుండపెంకులూ దొరికాయి. ఇబ్న్ బతూతా రాసిన ఒక్క వాక్యానికి రాళ్ళు సాక్ష్యం చెప్పాయి. 2018లో కల్హాత్‌ను యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది.

తిరుగు ప్రయాణంలో మావారితో ఇదంతా చెబుతుంటే ఆయన ఒక మంచి ప్రశ్న వేశారు. “మరి మీ తమ్ముడు చెప్పినదాంట్లో తప్పేముంది? ఆ కాలపు ఆడవాళ్ళే మొగుడి పేరు, తండ్రి పేరు వేయించుకున్నారు కదా?”

నిజమే. మనకూ ఒక దొరసాని ఉంది, రుద్రమ అంత పేరు రాని తోబుట్టువు. గణపాంబ. గణపతిదేవుడు ఆమెను ధరణికోట ఏలే కోట వంశపు బేతరాజుకిచ్చి చేశాడు. భర్త చనిపోయాక ఆ సీమను తానే ఏలింది. కృష్ణ ఒడ్డున అమరావతి పక్క ఊరే ధరణికోట. గణపాంబ అక్కడ భర్త పుణ్యం కోసం బేతేశ్వరుడి గుడి, తండ్రి పేరు మీద గణపేశ్వరుడి గుడి కట్టించింది. రెండు గుళ్ళకూ తన పేరు పెట్టలేదు. మా తమ్ముడు ఈ కథ వింటే ఎగిరి గంతేస్తాడు.

కానీ గుంటూరు జిల్లా యనమదలలో దొరికిన శాసనం ఉంది చూశారూ, అందులో ఈ గుళ్ళు కట్టించింది ఎవరో ఉంది. దేవుడికి భర్త పేరు పెట్టింది, అది ఆమె ప్రేమ. పని మాత్రం తనదని రాయి మీద రాయించింది, అది లెక్క. ప్రేమ కోసం లెక్క చెరపలేదు. ఈ తేడా కల్హాత్ నుంచి ఇబ్రా వచ్చే రెండు గంటల్లో నాకు కొంచెం కొంచెంగా తెలిసొచ్చింది.

మా నాన్న పోయేనాటికి అమ్మకు ముప్ఫయ్యారేళ్ళు. నాలుగెకరాల చేను, ఒక ఉప్పు మడి, దాని మీద అప్పు. తెల్లవారకముందే మడికి వెళ్ళి కూలీలతో సమానంగా ఉప్పు లాగేది. ఉప్పునీళ్ళకు పగిలిన ఆమె పాదాలకు రాత్రుళ్ళు నేను కొబ్బరినూనె రాసేదాన్ని. బస్తాలు తూచేటప్పుడు కాటా దగ్గర నిలబడి, వ్యాపారి ఎంత కసిరినా ముల్లు చూసేదాకా కదిలేది కాదు. ఆ అప్పు తీర్చింది, నన్ను నర్సింగు చదివించింది, తమ్ముణ్ణి డిగ్రీ చదివించింది. ఇదంతా చేస్తూ ‘మీ నాన్న పేరు నిలబెట్టాలి’ అనేది. నిలబెట్టింది కూడా. ఆ నిలబెట్టిన మనిషి పేరే మేం రాయడం మరిచిపోయాం.

ఆ రాత్రే తమ్ముడికి ఫోను చేశాను. పోట్లాడలేదు. మార్కోపోలో కథ చెప్పాను. మన ఊరి పక్కనే ఉన్న రాజ్యాన్ని మెచ్చుకుంటూ రాసి, ఏలిన ఆమె పేరు వదిలేసి, కూతుర్ని విధవగా చేసేశాడురా అన్నాను. గణపాంబ సంగతి కూడా దాచకుండా చెప్పాను. “నాన్న పేరు ఉండనీ. తాతగారి పేరూ ఉండనీ. ‘అప్పు తీర్చి, పిల్లల్ని చదివించి’ అని అక్కర్లేదు. పేరు చాలు” అన్నాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. “పుట్టింటి ఇంటిపేరా, మనదా?” అని మాత్రం అడిగాడు. ఆ ప్రశ్న నేనూ ఆలోచించలేదు సుమండీ! ఇద్దరం కలిసి తేల్చడానికి ఇంకో వారం పట్టింది.

బుధవారం సంతకు వెళ్ళాను. కల్హాత్ వెళ్ళొచ్చానని చెబితే పెద్దావిడ సంతోషించింది. సాంబ్రాణి కట్టించుకుని, డబ్బులిచ్చి, ఇన్నేళ్ళకు అడిగాను మీ పేరేమిటని. ఒక్క క్షణం నా వంక చూసి, పేరు చెప్పింది. బింత్ అని తండ్రి పేరూ, తాత పేరూ చెప్పింది. పక్క దుకాణంలో బట్టలమ్మే ఆమె కూడా తన పేరు తనంతట తానే చెప్పింది.

ట్యాంకు పోయిన సంక్రాంతికి మొదలైంది. శిలాఫలకం మీద మొదటి పంక్తిలో అమ్మ పేరుంది. రెండో పంక్తిలో నాన్న పేరు. సర్పంచి పేరు కూడా ఉంది, అది తప్పదు. అమ్మ పేరేమిటో, ఏ ఇంటిపేరుతో వేయించామో ఇక్కడ రాయను. మోటుపల్లి శాసనం చూడ్డానికి ఎప్పుడైనా మా వైపు వస్తే, బడి దగ్గర ఆగి, ఒక గ్లాసు నీళ్ళు తాగి, మీరే చదువుకోండి.